చౌకదనానికి కొలత ఏది? నీటి విద్యుద్విశ్లేషణలో ఉపరితల సంస్కరణ పొందిన ఉక్కు ఎలక్ట్రోడు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్టెయిన్‌లెస్ స్టీలు ఉపరితలాన్ని రసాయనిక పద్ధతిలోగాని, విద్యుత్ రసాయనిక పద్ధతిలోగాని మార్చి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడదీసే ఎలక్ట్రోడుగా వాడవచ్చునని పరిశోధకులు నిరూపించారు. ఈ కోవకు చెందిన పత్రాలలో సాధారణంగా రెండు వాదాలు కనిపిస్తాయి. ఒకటి, ఈ ఎలక్ట్రోడు చురుకైనది. రెండు, ఇది చౌకైనది. మొదటి వాదానికి తగిన ఆధారాలున్నాయి. రెండవ వాదం మాత్రం లోహపు ధరను చూపి సాంకేతికత ధరను తేల్చే ప్రయత్నమని, ఎలక్ట్రోడు ఆయుష్షును, అది నిలుపుకొనే ఓల్టేజిని, కరిగిపోయే లోహాన్ని లెక్కలోకి తీసుకోనంతవరకు ‘చౌక’ అనే మాటకు శాస్త్రీయమైన అర్థం లేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. సామాన్య వసతులున్న కళాశాల ప్రయోగశాలలు ఈ లోటును ఎలా పూరించగలవో కూడా ఇది సూచిస్తుంది.

కీలకపదాలు: విద్యుద్విశ్లేషణ, స్టెయిన్‌లెస్ స్టీలు, ఆనోడు, నికెల్-ఇనుము ఆక్సైడ్, లోహక్షయం, క్రోమేట్, హైడ్రోజన్.

1. ఉపోద్ఘాతం

నీటిని విద్యుత్తుతో విడదీయడం కొత్త విద్య కాదు. 1800లో ఓల్టా బ్యాటరీ సంగతి ఇంగ్లండుకు చేరిన కొద్ది వారాలకే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ ఆ పని చేసి చూపించారు. రెండు శతాబ్దాల తరువాత ఆ ప్రయోగం ప్రభుత్వాల ఇంధన విధానంలో భాగమైంది. భారత ప్రభుత్వం 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్ల రూపాయల వ్యయంతో, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకొంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

ఈ వాతావరణంలో ‘తక్కువ ఖర్చు ఎలక్ట్రోడు’ అనేది పరిశోధనాంశాల ఎంపికను శాసించే మాటగా మారింది. పరికరాలకు, రసాయనాలకు నిధులు చాలని కళాశాలల్లో ఇది మరింత ఆకర్షణీయమైన అంశం. బజారులో దొరికే 304 రకం స్టీలు రేకు, ఒక క్షారద్రావణం, ఒక విద్యుత్ వనరు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఒక యువ పరిశోధకుడు నాలుగైదేళ్లు ఈ అంశంపై వెచ్చించే ముందు, ‘చౌక’ అనే మాట దేనితో పోల్చి, ఏ ప్రమాణంతో చెప్పినదో తెలుసుకోవాలి. ఆ విచారణకు ఈ రంగంలో ప్రసిద్ధమైన ఒక పత్రాన్ని ప్రధానాధారంగా తీసుకొంటున్నాను.

2. తుప్పు ఉత్ప్రేరకమైన విధం

జర్మనీలోని ఓస్నాబ్రూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెల్ముట్ షేఫర్, ఆయన సహచరులు 2015లో ‘ఎనర్జీ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్’ పత్రికలో ఒక పత్రం ప్రకటించారు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టించామని శీర్షికలోనే చెప్పుకొన్న పత్రమది. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ చేతిలో రూపుదిద్దుకొన్న నాటినుంచి ఈ లోహపు ప్రతిష్ఠ అంతా తుప్పు పట్టకపోవడంలోనే ఉంది. ఆ గుణాన్ని ఉద్దేశపూర్వకంగా భంగపరచి, ఆ భంగంలోనుంచి ఉపయోగాన్ని రాబట్టడం ఆ పత్రంలోని కొత్తదనం.

దీని వెనుక ఉన్న రసాయనశాస్త్రం స్పష్టమైనది. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మిగిలినది ప్రధానంగా ఇనుము. కొద్ది నానోమీటర్ల మందం ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడుతుంది. బలమైన క్షారంలో, తీవ్రమైన ఆక్సీకరణ పరిస్థితులలో ఆ క్రోమియం క్రోమేటుగా మారి ద్రావణంలోకి పోతుంది. నికెల్ హైడ్రాక్సైడ్ క్షారంలో దాదాపు కరగదు. అందువల్ల మూలలోహంలో తక్కువ పాలుగా ఉన్న నికెల్, ఉపరితలంలో ఎక్కువ పాలుగా పోగవుతుంది. దానితో కొంత ఇనుము కలిసి ఉంటుంది. నికెల్ ఆక్సైడ్‌లో చేరిన ఇనుము ఆక్సిజన్ వెలువడే చర్యను వేగవంతం చేస్తుందని కారిగన్ 1987లోనే తెలియజేశాడు. ఆ తరువాతి పరిశోధనలు, ముఖ్యంగా 2014లో బోట్చర్ బృందం చేసిన పని, ఈ విషయాన్ని బలపరిచాయి. అంటే క్షారద్రావణంలో మేలైన ఆనోడు పదార్థంగా పేరుపొందిన నికెల్-ఇనుము ఆక్సైడ్‌ను బయటినుంచి తెచ్చి పూయకుండా, ఉక్కు తన ఒంటినుంచే పుట్టించుకొంటున్నదన్నమాట. పూత అక్కరలేదు, అంటించే జిగురు అక్కరలేదు. ఉత్ప్రేరకం, దానిని మోసే లోహం ఒకటే.

షేఫర్ బృందం చూపిన ఫలితాలు గణనీయమైనవి. నీటి విచ్ఛేదనకు సిద్ధాంతరీత్యా 1.23 ఓల్టులు చాలు. ఆచరణలో అంతకుమించి ఇవ్వవలసిన దానిని ఈ వ్యాసంలో ‘అదనపు ఓల్టేజి’ అంటున్నాను. ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో, చదరపు సెంటీమీటరుకు 12 మిల్లీఆంపియర్ల ప్రవాహం వద్ద వారి ఆనోడుకు పట్టిన అదనపు ఓల్టేజి 212 మిల్లీఓల్టులు. ఉపరితలంలో ఏర్పడిన పలుచని పొరలో నికెల్, ఇనుముల ఆక్సైడ్ పాలు 99 శాతానికి పైబడి ఉందని, దాదాపు మొత్తం విద్యుదావేశం ఆక్సిజన్‌గా మారిందని, 1,50,000 సెకన్లకు మించి నడిపినా ఎలక్ట్రోడు చెక్కుచెదరలేదని వారు తెలిపారు. భారతదేశంలో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2017లో, ఉపరితలాన్ని అదుపులో ఆక్సీకరించి క్రోమియాన్ని తొలగించిన స్టీలు ఆనోడును ప్రకటించారు. 2018లో అదే సంస్థ నుంచి, గిన్నెలు తోమే స్టీలు పీచునే రెండు ఎలక్ట్రోడులుగా వాడిన పత్రం వచ్చింది.

ఈ ఎలక్ట్రోడుల చురుకుదనం గురించి నాకు సందేహం లేదు. ఆ పత్రాల విలువ కూడా అక్కడే ఉంది. చురుకుదనం నుంచి చౌకదనానికి వేసే అడుగు దగ్గరే ఆగి ఆలోచించవలసి ఉంది.

3. పోటీదారు ఎవరు?

ఒక వస్తువు చౌక అన్నప్పుడు అది దేనికంటే చౌక అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఈ కోవ పత్రాలలో తరచు కనిపించే పోలిక ఇరిడియం, రుథీనియం ఆక్సైడ్లతో. అంతటి అరుదైన లోహాలతో పోల్చితే ఉక్కే కాదు, ఏ లోహమైనా చౌకగానే కనిపిస్తుంది. ఇరిడియం అవసరమయ్యేది ఆమ్లస్వభావం గల ప్రోటాన్ వినిమయ పొరతో పనిచేసే యంత్రాలలో. ఆ పరిస్థితులలో ఉక్కు ఆనోడుగా నిలవలేదు, కరిగిపోతుంది. కనుక ఇరిడియం స్థానాన్ని ఉక్కు ఆక్రమించే ప్రసక్తే లేదు.

ఉక్కు నిలబడగలిగేది క్షారద్రావణంలో. అక్కడ ఇప్పటికే స్థిరపడినది నికెల్. సంప్రదాయ క్షార విద్యుద్విశ్లేషక యంత్రాలలో 25 నుంచి 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని 70 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడతారు. ప్రవాహసాంద్రత చదరపు సెంటీమీటరుకు 200 నుంచి 400 మిల్లీఆంపియర్లు. ఆనోడు నికెల్ లేదా నికెల్ పూత పూసిన ఉక్కు. కాథోడుగా సాధారణ ఉక్కును పాత యంత్రాలలో ఎప్పటినుంచో వాడారు. అంటే ఉక్కు ఈ రంగానికి కొత్త అతిథి కాదు. నికెల్ తొడుగు వేసుకొని చాలాకాలంగా అక్కడే ఉంది. ఆ తొడుగు లేకుండా నడవగలదా అన్నదే నేటి ప్రశ్న. దానికి సమాధానం ఇరిడియంతో పోలికలో దొరకదు. అదే ద్రావణంలో, అదే ఉష్ణోగ్రత వద్ద, అదే ప్రవాహం వద్ద నికెల్‌తో చేసిన పోలికలోనే దొరుకుతుంది.

చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు అనే ప్రమాణం ఎక్కడినుంచి వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. సూర్యకాంతిని సుమారు 10 శాతం సామర్థ్యంతో ఇంధనంగా మార్చే పరికరంలో ప్రవహించే విద్యుత్తుకు అది దగ్గరి అంచనా. సౌర ఇంధన పరిశోధనలో పుట్టిన కొలబద్దను, దానికి 20 నుంచి 40 రెట్ల ప్రవాహంతో నడిచే కర్మాగార యంత్రానికి పట్టినప్పుడు కొన్ని లోపాలు కనబడకుండా పోతాయి. ఉదాహరణకు, ఉపరితలంపై పెరిగిన ఆక్సైడ్ పొర చదరపు సెంటీమీటరుకు ఒక ఓం నిరోధాన్ని చేర్చిందనుకొందాం. 10 మిల్లీఆంపియర్ల వద్ద దాని నష్టం 10 మిల్లీఓల్టులు. ఎవరూ పట్టించుకోరు. 400 మిల్లీఆంపియర్ల వద్ద అదే నష్టం 400 మిల్లీఓల్టులు. ఆ ఎలక్ట్రోడు ఇక పనికిరాదు.

4. ఏడు మిల్లీఓల్టుల తేడా

ఇప్పుడు ధర విషయానికి వద్దాం. ఫారడే నియమం ప్రకారం ఒక కిలో హైడ్రోజన్‌కు సుమారు 26,600 ఆంపియర్-గంటల విద్యుదావేశం కావాలి. కనుక యంత్రం ఓల్టేజి పెరిగిన ప్రతి 100 మిల్లీఓల్టులకు, కిలోకు 2.66 యూనిట్ల విద్యుత్తు అదనంగా ఖర్చవుతుంది.

ఒక చదరపు మీటరు ఆనోడును చదరపు సెంటీమీటరుకు 400 మిల్లీఆంపియర్లతో, ఏడాదికి 8,000 గంటలు నడిపామనుకొందాం. ప్రవాహం మొత్తం 4,000 ఆంపియర్లు. ఏడాదికి సుమారు 1,200 కిలోల హైడ్రోజన్ వస్తుంది. ఓల్టేజి ఒక్క మిల్లీఓల్టు పెరిగితే ఏడాదికి 32 యూనిట్లు అదనం. యూనిట్ ధర 5 రూపాయలనుకొంటే అది 160 రూపాయలు. పదేళ్లకు 1,600 రూపాయలు.

రెండవ వైపు లోహపు ధర. ఒక మిల్లీమీటరు మందం, ఒక చదరపు మీటరు వైశాల్యం గల రేకుకు ఉక్కు 7.9 కిలోలు, నికెల్ 8.9 కిలోలు పడుతుంది. మార్కెట్ ధరలు మారుతూ ఉంటాయి గనుక, కేవలం లెక్క కోసం కిలో స్టీలు 200 రూపాయలు, కిలో నికెల్ 1,400 రూపాయలు అనుకొందాం. స్టీలు రేకు 1,580 రూపాయలు, నికెల్ రేకు 12,460 రూపాయలు. తేడా 10,880 రూపాయలు. చూడడానికి ఇది ఎనిమిది రెట్ల తేడా. దీనిని పదేళ్ల విద్యుత్ ఖర్చులోకి మార్చితే 7 మిల్లీఓల్టులకంటే తక్కువ.

ఈ వ్యాసంలోని వాదానికి కేంద్రం ఈ అంకె. పదేళ్ల కాలంలో ఉక్కు ఆనోడు నికెల్ ఆనోడు కంటే సగటున 7 మిల్లీఓల్టులు ఎక్కువ తీసుకొంటే, లోహంలో మిగిల్చిన డబ్బు మొత్తం విద్యుత్ బిల్లులో పోతుంది. అదే 7 మిల్లీఓల్టులు తక్కువ తీసుకొంటే, లోహం నికెల్ అంత ఖరీదైనదైనా నష్టం లేదు. పైగా ఇక్కడ దట్టమైన నికెల్ రేకుతో పోల్చాను. వాస్తవంలో వాడే నికెల్ పూత ఉక్కుతో పోల్చితే ధరలో తేడా ఇంకా తగ్గుతుంది. ఉపరితల సంస్కరణకు అయ్యే క్షారం, వేడి, విద్యుత్తు, ఆ ద్రావణాన్ని శుద్ధిచేసే ఖర్చు ఇందులో చేర్చనేలేదు. అందువల్ల ‘ఉక్కు నికెల్ కంటే ఎన్నో రెట్లు చౌక’ అన్న వాక్యం లోహపు వర్తకానికి సంబంధించినంతవరకు నిజం. హైడ్రోజన్ ఉత్పత్తికి సంబంధించినంతవరకు దాదాపు అర్థం లేనిది.

5. నలభైరెండు గంటల సాక్ష్యం

పదేళ్లపాటు 7 మిల్లీఓల్టుల లోపల నిలవడమే అసలు పరీక్ష అయితే, మన దగ్గర ఉన్న సాక్ష్యం ఎంత? 1,50,000 సెకన్లు వినడానికి పెద్ద అంకె. గంటల్లోకి మార్చితే 42కు కొద్దిగా తక్కువ. రెండు రోజులు కూడా కాదు. పదేళ్ల పనికాలం 80,000 గంటలు.

ఈ రెండు కాలాల మధ్య అంతరం ఎంతటిదో ఒక ఉదాహరణ తెలుపుతుంది. ఒక ఎలక్ట్రోడు ఓల్టేజి గంటకు ఒక మైక్రోఓల్టు చొప్పున పెరుగుతున్నదనుకొందాం. 42 గంటల్లో ఆ పెరుగుదల 0.042 మిల్లీఓల్టు. ద్రావణంలో బుడగల వల్ల వచ్చే హెచ్చుతగ్గులే అంతకంటే ఎక్కువ ఉంటాయి. గ్రాఫులో గీత నిశ్చలంగా కనిపిస్తుంది. ‘స్థిరమైనది’ అని రాస్తాము. అదే వేగం 80,000 గంటలు సాగితే పెరుగుదల 80 మిల్లీఓల్టులు. సగటు నష్టం 40 మిల్లీఓల్టులు. పై లెక్క ప్రకారం చదరపు మీటరుకు 64,000 రూపాయలు. మిగిల్చామనుకొన్న 10,880 రూపాయలకు ఇది దాదాపు ఆరు రెట్లు. చౌకదనాన్ని తారుమారు చేయగల దోషం, దానిని నిరూపించడానికి చేసిన ప్రయోగానికి చిక్కనే చిక్కదు.

రెండవ సాక్ష్యం, విద్యుదావేశం దాదాపు నూరు శాతం ఆక్సిజన్‌గా మారిందన్నది. దీనిని బట్టి లోపలి లోహం ఆక్సీకరణకు గురికావడం లేదని పత్రం నిర్ధారించింది. ఈ నిర్ధారణను కూడా లెక్కతో పరీక్షించవచ్చు. విద్యుదావేశంలో 0.1 శాతం మాత్రమే లోహాన్ని కరిగిస్తున్నదనుకొందాం. లెక్క సులభం కావడానికి కరిగేదంతా మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయే ఇనుముగా భావిద్దాం. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల వద్ద ఏడాది పొడవునా నడిపితే కరిగే మందం 77 మైక్రోమీటర్లు. 400 మిల్లీఆంపియర్ల వద్ద 3 మిల్లీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు రేకు నాలుగు నెలలకే ఉండదు. వెలువడిన ఆక్సిజన్‌ను వెయ్యిలో ఒకటో వంతు ఖచ్చితత్వంతో కొలవడం సామాన్యం కాదు. కనుక ‘దాదాపు నూరు శాతం’ అన్న కొలత ఉత్ప్రేరకం సమర్థతకు మంచి సాక్ష్యమే. లోహం నిలకడకు మాత్రం అది సాక్ష్యం కాదు. నిజంగా ఉక్కు ఇంత వేగంగా కరుగుతున్నదని నా వాదం కాదు. కరగడం లేదని చెప్పగల సూక్ష్మత ఆ కొలతకు లేదన్నంతవరకే నా వాదం.

మూడవది, ఓల్టేజి చదవడంలోని చిక్కు. ఉపరితలంలోని నికెల్ రెండవ ఆక్సీకరణ స్థితినుంచి మూడవ స్థితికి మారేది, హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోల్చినప్పుడు సుమారు 1.35 నుంచి 1.45 ఓల్టుల మధ్య. అదనపు ఓల్టేజి 212 మిల్లీఓల్టులు అంటే 1.44 ఓల్టులు. సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. ఓల్టేజిని పెంచుతూ గీసిన వక్రరేఖలో ఆ చోట కనిపించే ప్రవాహంలో కొంత ఆక్సిజన్‌ది, కొంత నికెల్‌ది. షేఫర్ బృందం స్థిరప్రవాహపు కొలతలను, ఆక్సిజన్ కొలతలను కూడా ఇచ్చింది గనుక ఈ ఆక్షేపణ వారికి పూర్తిగా తగలదు. వక్రరేఖ ఒక్కదానిమీదనే ఆధారపడి ఇంకా తక్కువ అంకెలను ప్రకటించే పత్రాలను మాత్రం ఈ దృష్టితో చదవాలి.

6. కరిగిన క్రోమియం ఎక్కడికి పోయింది?

ఉపరితల సంస్కరణ అనే గౌరవప్రదమైన మాటకు అసలు అర్థం అదుపులో ఉంచిన లోహక్షయం. ఏ కరుగుదల ఉత్ప్రేరకాన్ని పుట్టించిందో, ఆ కరుగుదలే ఆగకపోతే ఉత్ప్రేరకాన్ని మోసే లోహాన్ని తినివేస్తుంది. ఈ ద్వైధం ఈ అంశానికి మూలంలోనే ఉంది. పైపొరలో క్రోమియం లేకుండా చేశామని పత్రాలు చెబుతాయి. పొర కింద ఉన్నది మళ్లీ 18 శాతం క్రోమియం గల లోహమే. పొరలో చీలిక వస్తే క్షారం దానిని చేరుతుంది.

కరిగిన క్రోమియం ఆరవ ఆక్సీకరణ స్థితిలో, క్రోమేటుగా ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం. ఒక చదరపు మీటరు స్టీలు ఉపరితలం నుంచి ఒక్క మైక్రోమీటరు మందం కరిగితే 7.9 గ్రాముల లోహం, అందులో సుమారు 1.4 గ్రాముల క్రోమియం ద్రావణంలో చేరుతుంది. 28,000 లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చడానికి అది చాలు. యంత్రంలో ద్రావణం మూసిన వలయంలో తిరుగుతుంది కాబట్టి అది వెంటనే బయటికి రాదన్నది నిజమే. కాని ద్రావణాన్ని మార్చవలసిన రోజు వస్తుంది. సంస్కరణకు వాడిన ద్రావణం ఎలాగూ తొలిరోజునే పారబోయవలసి ఉంటుంది. ‘హరిత’ విశేషణం కోరుకొనే సాంకేతికత ఈ లెక్కను దాటవేయరాదు.

క్రోమేటు కాథోడును చేరితే అక్కడ క్షయకరణం పొంది క్రోమియం హైడ్రాక్సైడ్ పొరగా పేరుకొంటుంది. క్లోరేట్ పరిశ్రమలో ఈ ధర్మాన్ని కావాలని వాడుకొంటారు. నీటి విద్యుద్విశ్లేషణలో మాత్రం అది ఎవరూ పిలవని మార్పు. రెండు ఎలక్ట్రోడులూ ఒకే పాత్రలో ఉంచి చేసిన ప్రయోగాలలో ఆనోడు నష్టం కొంత కాథోడు మీద దాగిపోయే అవకాశముంది. ప్లాటినాన్ని ప్రతి ఎలక్ట్రోడుగా వాడి ఉక్కు కాథోడును పరీక్షించేటప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది. కరిగిన ప్లాటినం ఉక్కుమీద చేరితే, ఆ ఘనత ఉక్కు ఖాతాలో పడుతుంది.

7. ప్రతివాదాలు

ఈ విమర్శకు మూడు సమాధానాలు రావచ్చు. మొదటిది, ప్రయోగశాల పత్రం పని సాధ్యతను చూపడం, కర్మాగారాన్ని కట్టడం కాదన్నది. ఇది న్యాయమైన మాటే. అయితే సాధ్యతను చూపే పత్రం ధర గురించి తీర్పు చెప్పకుండా ఉండవచ్చు. చెప్పదలచితే ధరకు తగిన సాక్ష్యం ఇవ్వాలి.

రెండవది, లోహం చౌక గనుక పాడైనప్పుడల్లా మార్చుకోవచ్చునన్నది. పదుల సంఖ్యలో గదులను వరసగా బిగించిన యంత్రంలో ఒక ఎలక్ట్రోడును మార్చాలంటే మొత్తం విప్పాలి, సీళ్లు మార్చాలి, ఉత్పత్తి ఆపాలి. అక్కడ రేకు ధర అతి చిన్న ఖర్చు. అయినా ఈ వాదంలో ఒక మంచి పరిశోధనాంశం ఉంది. యంత్రాన్ని విప్పకుండానే, ఉన్నచోటనే ఉపరితలాన్ని తిరిగి సంస్కరించగలిగితే లెక్క మారుతుంది. తనలోనుంచే ఉత్ప్రేరకాన్ని పుట్టించుకోగల ఉక్కుకు ఆ అవకాశం స్వభావసిద్ధంగా ఉంది. పూత పూసిన ఎలక్ట్రోడుకు అది లేదు. ఉక్కు అసలు బలం ధరలో కాక ఇక్కడ ఉండవచ్చు.

మూడవది, ద్రావణంలో చేరిన ఇనుము హానికరమే కానక్కరలేదన్నది. నికెల్ ఆనోడు సైతం ద్రావణంలోని ఇనుమును గ్రహించి చురుకవుతుంది కాబట్టి ఇదీ ఒప్పుకోదగినదే. అయితే ఆ మేలు క్రోమియానికి వర్తించదు. అది రేకు పలుచబడకుండా ఆపదు కూడా.

8. మన ప్రయోగశాలలకు సాధ్యమైన పని

ఖరీదైన సూక్ష్మదర్శినులు, ఎక్స్-కిరణ పరికరాలు లేని కళాశాలలు ఈ రంగంలో వెనుకబడి ఉండక తప్పదనే భావన ఉంది. పై చర్చ చూపేది దానికి భిన్నమైన స్థితి. లోటు ఉన్నది చిత్రాలలో కాదు, దీర్ఘకాలపు కొలతలలో. వాటికి కావలసింది ఓపిక.

ఆరవ స్థితిలోని క్రోమియాన్ని గుర్తించడానికి డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష ఉంది. ద్రావణం నమూనాను ఆమ్లీకరించి ఈ కారకం కలిపితే ఊదారంగు వస్తుంది. 540 నానోమీటర్ల వద్ద దానిని సాధారణ వర్ణమాపకంతో కొలవవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాములో వందోవంతు స్థాయి కూడా దీనికి అందుతుంది. ఒక చదరపు సెంటీమీటరు స్టీలును 100 మిల్లీలీటర్ల క్షారంలో ఉంచినప్పుడు, 0.1 మైక్రోమీటరు మందం కరిగితే క్రోమియం లీటరుకు 0.14 మిల్లీగ్రాము ఉంటుంది. ఇది పరీక్షకు స్పష్టంగా చిక్కే పరిమాణం. అంతే కరుగుదలలో పోయే బరువు 0.08 మిల్లీగ్రాము. సాధారణ తులాయంత్రానికి అది చిక్కదు. ఆక్సిజన్ కొలతకు అసలే చిక్కదు. అంటే ఒక చిన్న రంగుపరీక్ష, ఈ రంగంలోని ప్రధాన ప్రశ్నకు వాయువు కొలత కంటే సూక్ష్మమైన సమాధానం ఇవ్వగలదు. ఆనోడు, కాథోడుల గదులు వేరుగా ఉంచడం మాత్రం తప్పనిసరి.

దీనిని దృష్టిలో పెట్టుకొని, ‘తక్కువ ఖర్చు’ అనే మాటను వాడే సిద్ధాంతవ్యాసం కనీసం ఈ ఐదు అంశాలను నివేదించాలని సూచిస్తున్నాను.

1) అదే పరిస్థితులలో నికెల్ ఆనోడుతో పోలిక.

2) 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 70 డిగ్రీలు, చదరపు సెంటీమీటరుకు కనీసం 200 మిల్లీఆంపియర్ల వద్ద స్థిరప్రవాహపు ఓల్టేజి.

3) కనీసం 1,000 గంటల పరీక్ష, గంటకు ఎన్ని మైక్రోఓల్టులు మారిందో అంకెలో. అంతకాలం నడిపితే గంటకు ఒక మైక్రోఓల్టు మార్పు కూడా ఒక మిల్లీఓల్టుగా బయటపడుతుంది.

4) నిర్ణీత వ్యవధులలో ద్రావణంలోని క్రోమియం, ఇనుము, నికెల్ పరిమాణాలు.

5) సౌరవిద్యుత్తుతో నడిచే యంత్రం రోజూ ఆగి మొదలవుతుంది గనుక, విద్యుత్తును పదేపదే ఆపి తిరిగి ఇచ్చిన పరీక్ష. యంత్రం ఆగినప్పుడు ఎదురు ప్రవాహం ఎలక్ట్రోడులను దెబ్బతీస్తుందని క్షార యంత్రాల అనుభవం చెబుతున్నది.

9. ముగింపు

ఉపరితల సంస్కరణ పొందిన ఉక్కు ఎలక్ట్రోడు మంచి రసాయనశాస్త్రం. మూలలోహంలో దాగిన నికెల్‌ను ఉపరితలానికి తెచ్చి, ఇనుము సాయంతో దానిని పనిచేయించడం తెలివైన ఆలోచన. దానిని చౌకైన సాంకేతికతగా ప్రకటించడానికి మాత్రం ఇప్పటి సాక్ష్యం చాలదు. లోహపు ధరలోని ఎనిమిది రెట్ల తేడా, విద్యుత్ ఖర్చు తూకంలో 7 మిల్లీఓల్టులకు కుదించుకుపోతుంది. ఆ 7 మిల్లీఓల్టులు నిలుస్తాయో లేదో రెండు రోజుల ప్రయోగం చెప్పలేదు. చౌకదనం పదార్థంలో ముందే ఉన్న గుణం కాదు, కాలంలో నిరూపించుకోవలసిన ఫలితం. 1,000 గంటల తరువాత ఓల్టేజి ఎంత, ద్రావణంలో క్రోమియం ఎంత అనే రెండు అంకెలను నిజాయితీగా నమోదుచేసిన పత్రం, ఫలితం ప్రతికూలమైనా సరే, ఇంకొక అల్పమైన అదనపు ఓల్టేజిని ప్రకటించే పత్రం కంటే ఈ రంగానికి ఎక్కువ మేలు చేస్తుంది. పర్యవేక్షకులు, పరీక్షకులు ఆ రెండు అంకెలను అడగడం మొదలుపెట్టాలి.